జపానులో నేను పారబోసిన నీళ్లు

మా మనవరాలి భర్త పోయిన నెల జపాను చూసొచ్చాడు. ఆదివారం భోజనాలయ్యాక, ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, అక్కడ తనకు నచ్చినవీ నచ్చనివీ వేళ్లు మడిచి చెబుతూ, సెల్‌ఫోనులో ఫోటోలు చూపిస్తుంటే అందరం నోళ్లు తెరుచుకుని విన్నాం. రైళ్లు నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తాయట, రైల్లో ఒక్కరూ గట్టిగా మాట్లాడరట, వీధిలో కాగితం ముక్క కనపడదట, అయితే మన చేతిలో కాగితం పారెయ్యడానికి చెత్తబుట్ట కూడా కనపడదట. అదంతా సరేగానీ, వేడినీళ్ల తొట్టిలో ఒకరు మునిగి లేచాక ఆ నీళ్లలోనే ఇంకొకరు మునుగుతారని చెప్పి, ఛీ అని మొహం చిట్లించాడు. ఆ ఛీ నాకు బాగా తెలిసిన ఛీ. అరవై ఏళ్ల పైచిలుకు కిందట నా నోట్లోంచి వచ్చిందే. "తాతా, నువ్వు గూడా ఆ దేశం పోయింటివంట గదా, నీకు ఆడ శానా రోత పుట్టించిందేంది?" అని అతను అడిగితే, పచ్చిచేపలు అన్నాను. అందరూ నవ్వారు. నేను చెప్పింది అబద్ధం.

నా ఈడు వాళ్లకు జపాను పద్ధతి వరిసాగు అనే మాట గుర్తుండే ఉంటుంది. కొత్తగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ రోజుల్లో నేను ప్రొద్దుటూరు చుట్టుపక్కల కాలవ కింది పల్లెల్లో గ్రామసేవకుణ్ని. ముళ్లు వేసిన తాడొకటి భుజాన తగిలించుకుని, సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, మడిలో తాడు లాగి పట్టించి, వరుస తప్పకుండా నాట్లు వెయ్యమని రైతులకు చెప్పడం నా ఉద్యోగం. నేను జపాను చూసిందీ లేదు, చూసినవాణ్ని చూసిందీ లేదు. "నాటు నేరుగా ఉంటే అన్నం నేరుగా వస్తాదా సామీ?" అని రైతులు ఆటపట్టించేవాళ్లు. అట్లాంటి నన్ను, నాతోపాటు ఇంకో ముగ్గురిని, ఆ పద్ధతేదో పుట్టినచోటనే నేర్చుకు రమ్మని ప్రభుత్వం కొన్ని నెలల శిక్షణకు జపాను పంపింది. జమ్మలమడుగులో మా నాయన గుడిలో అర్చన చేసుకుంటూ, బడిలో సంస్కృతం చెప్పేవాడు. మడీ ఆచారమూ గట్టిగా ఉన్న ఇల్లు. సముద్రం దాటుతున్నానని మా అమ్మ వారం రోజులు ఏడ్చింది. పక్కింటి దర్జీ సాయిబు మాత్రం సంబరపడి, నాకు కోటు కుట్టి, దానికి లోపలా బయటా కలిపి ఐదు జేబులు పెట్టాడు.

అక్కడ నన్నొక పల్లెలో రైతు ఇంట్లో దింపారు. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు. వాళ్ల పొలం చూస్తే కళ్లు చల్లబడేవి, అది ఒప్పుకోవాలి, గట్టు మీద కూడా గడ్డిపరక అదనంగా ఉండేది కాదు. ఇంట్లోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు, ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టరు. అంతవరకే నాకు నచ్చింది. తిండి మాత్రం నా వల్ల కాలేదు. పొద్దున్నే వేడన్నం మీద పచ్చి కోడిగుడ్డు కొట్టి కలుపుకునేవాళ్లు. పులిసి కంపు కొట్టే సోయాగింజలను పుల్లలతో ఎత్తితే చొంగ కారినట్టు తీగలు సాగేవి, అవి వాళ్లకు ప్రాణం. పోనీ చారైనా తాగుదామంటే దాంట్లోనూ చేప వాసనే. మరుగుదొడ్డి గుంటలోది చెక్కతొట్లతో తోడి, కావడి మీద మోసుకెళ్లి కూరగాయల మళ్లకు పోసేవాళ్లు. ఎరువుల సంగతి చదువుకున్న నేనే ముక్కు మూసుకుని గట్టెక్కి పరుగెత్తాను. ఉత్త అన్నంలో మా అమ్మ కట్టిచ్చిన చింతకాయ పచ్చడి కలుపుకుని, అవ్వ నాకోసం విడిగా ఉడికించి ఇచ్చే తియ్యటి గెనుసుగడ్డలు తిని ప్రాణం నిలుపుకున్నాను. వీటన్నిటికీ నేను రోజూ మనసులో ఛీ అనుకుంటూనే ఉన్నాను.

ఇక స్నానం. సాయంకాలం కాగానే అవ్వ వంగి వంగి దండం పెట్టి, స్నానానికి మొదట నన్ను పిలిచేది. గదిలో నడుము లోతు చెక్కతొట్టి, దాన్నిండా పొగలు కక్కే నీళ్లు. నేను దర్జాగా దాంట్లోకి దిగి, సబ్బు రుద్దుకుని, తలంటుకుని, ఒళ్లు పండేదాకా కూర్చుని లేచేవాణ్ని. ఒకరు స్నానం చేసిన నీళ్లు ఇంకొకరి కంట పడటమే తప్పని పెరిగిన ఇంటివాణ్ని గదా, నా మురికినీళ్లు వాళ్లకు వదిలిపెట్టడం ఎంత పశుత్వమని, అడుగున ఉన్న బిరడా లాగేసి, నీళ్లు చుక్క మిగలకుండా పోనిచ్చి, తొట్టి కూడా శుభ్రంగా కడిగి బయటికి వచ్చేవాణ్ని. నా మర్యాదకు నేనే మురిసిపోయేవాణ్ని. అవ్వ మళ్లీ వంగి దండం పెట్టేది, నవ్వేది.

ఇట్లా పది దినాలు గడిచాయి. పదకొండో నాడు స్నానమయ్యాక తువ్వాలు మరిచిపోయి వెనక్కి వెళ్తే, పెరటి గుమ్మంలో అవ్వ ఎదురైంది. ఆమె నడుము అప్పటికే వంగిపోయి ఉండేది, ఆ నడుముతోనే భుజాన కావడి వేసుకుని, సందు చివర చేతిపంపు నుంచి రెండు బకెట్ల నీళ్లు మోసుకొస్తోంది. కోడలు తడి కట్టెలు ఊదలేక కళ్లు తుడుచుకుంటోంది. బురద కాళ్లతో పొలం నుంచి వచ్చిన కొడుకు పెరటి మెట్టు మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. నన్ను చూసి అవ్వ కావడి దించి, నవ్వి, దండం పెట్టింది.

మర్నాడు ఇంగ్లీషు తెలిసిన శిక్షణాధికారి వస్తే అడిగాను. ఆయన పళ్ల సందున గాలి పీల్చి, చాలాసేపు నసిగి, చివరికి చెప్పాడు. ఒళ్లు తొట్టి బయటనే కడుక్కుని, కాళ్లూ నడుమూ కాచుకోవడానికి మాత్రమే నీళ్లలోకి దిగుతారట. మొదట అతిథి, ఆ తర్వాత యజమాని, చివరికి అవ్వ, అందరికీ అవే నీళ్లు. ముందే ఎందుకు చెప్పలేదంటే, అతిథికి అట్లా చెప్పడం బాగుండదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా సీమలో అయితే మొదటి రోజే, ఏందప్పా బుద్ధుండాదా లేదా, నీళ్లన్నీ పారబోస్తివే అని నలుగురిలో గడ్డి పెట్టేవాళ్లు, నేనూ దార్లో పడేవాణ్ని. పది దినాలు ఒక ముసలామె నడుము విరగ్గొట్టి నవ్వించుకున్న మర్యాద అది, దాని మీద నాకు ఇప్పటికీ అసహ్యం పోలేదు.

అయితే దాన్ని మించిన అసహ్యం ఇంకొకటుంది. చేసిన తప్పు దిద్దుకోవాలంటే దారి నాకు తెలుసు. అవ్వను ముందు దిగమని, అందరూ అయ్యాక నేను చివర దిగాలి. అనుకున్నాను కూడా. ఆ గది గుమ్మం దాకా వెళ్లి, అందరూ మునిగిన ఆ గోరువెచ్చటి నీళ్లను తలుచుకుని, ఛీ అని వెనక్కి వచ్చేశాను. బయట ఒళ్లు కడుక్కోవడం, బిరడా ముట్టకపోవడం నేర్చుకున్నాను గానీ, వచ్చేనాటి దాకా మొదటి స్నానం నాదే, చివరి స్నానం ఆమెదే.

జమ్మలమడుగు చేరిన సాయంకాలం మా అరుగు నిండిపోయింది. నేను రెచ్చిపోయి పచ్చిగుడ్డూ, చొంగ కారే గింజలూ, పాయిఖానా కావడీ అన్నీ అభినయం చేసి చూపించాను. చివరికి ఇంటిల్లిపాదీ మునిగే తొట్టి సంగతి చెప్పేసరికి నాయన చెవులు మూసుకున్నాడు, అమ్మ శివ శివా అంది, సాయిబు తౌబా తౌబా అని నవ్వాడు. బిరడా లాగిన సంగతి మాత్రం నేను చెప్పలేదు. అప్పుడు గడప లోపల నిలబడిన మా వదిన, పులివెందుల దిక్కునుంచి మా ఇంటికి కోడలై వచ్చినామె, పదిమందిలో నోరెత్తనామె, మెల్లగా అడిగింది: "అంత పెద్ద తొట్టికి నీళ్లు యాడనుంచి తెచ్చేదప్పా? ఎవురు మోసేది?"

నేను మాట మార్చేశాను. ఎండాకాలం పెన్న ఎండిపోతే, ఆడవాళ్లు ఇసకలో చెలమ తవ్వి, నీరూరేదాకా కాచుకుని, చెంబుతో తోడి బిందె నింపుకుని ఒడ్డెక్కి రావాలి. మా ఇంట్లో ముగ్గురు మగవాళ్ల స్నానాలకూ, నాయన మడిబట్టలకూ, దేవుడి అభిషేకానికీ అన్నిటికీ వదినే తెచ్చేది. నేను రోజూ ఆ నీళ్లు ఆరు చెంబులు పోసుకుని, బాగా లేదని ఇంకో రెండు పోసుకుని, బడాయిగా తల తుడుచుకుంటూ బయటికి వచ్చేవాణ్ని.

మర్నాడు పొద్దున్నే పెరట్లో ఆమె నా స్నానానికి బిందె దించుతుంటే ఉండబట్టలేక అంతా చెప్పేశాను, పది దినాలూ, కావడీ, అవ్వ నవ్వూ. ఆమె విని, కొంగుతో మొహం తుడుచుకుని, "పది దినాలేనా అప్పా?" అంది. ఉక్రోషం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఖాళీ బిందె చంకనెత్తుకుని మళ్లీ ఏటికి వెళ్లిపోయింది.

ఆ రోజే నేనూ ఒక బిందె తీసుకుని ఏట్లో దిగాను. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు, అమ్మ పరువు తీశావని ఏడ్చింది, నాయన నాతో మాట్లాడలేదు. రెండో నాడు బిందె ముట్టలేదు. ఇంకో వారానికి నాకు పులివెందులకు బదిలీ అయింది. వేరుశెనగ తప్ప వరి కంటికి కనపడని ఆ నేలకు, జపాను వరి నేర్చుకొచ్చినవాణ్ని వెయ్యడం మా ఆఫీసు వాళ్లకే చెల్లింది. నాకు మాత్రం ఇంటినుంచి తప్పించుకున్నట్టే అనిపించింది, నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది.

వదిన పోయి చాలా ఏళ్లయింది. ఆ జపాను అవ్వ ఎప్పుడు పోయిందో ఏమో. ఇప్పుడు ప్రొద్దుటూరులో బోరుంది, మోటారుంది, మిద్దె మీద ట్యాంకుంది, ఏ కోడలూ బిందె ఎత్తక్కర్లేదు. మంచిదే, కాదనను. మొన్న ఆదివారం మనవరాలి భర్త జపాను కబుర్లు చెబుతుండగానే ట్యాంకు నిండి, నీళ్లు సన్‌షేడు మీదుగా సందులోకి కారడం మొదలైంది. ఆ చప్పుడు అందరికీ వినపడుతోంది. ఒక్కరూ లేవలేదు. నేనే గోడ పట్టుకుని వెళ్లి మోటారు ఆపి వస్తే, ఎందుకు తాతా నీకు శ్రమ, నీళ్లేగదా పోతే పోనీ అన్నారు.

నీళ్లేగదా అని వినగానే నాకు వదిన చంకలో ఖాళీ బిందె కనపడింది. నాకు బాగా రోత పుట్టించింది పచ్చిచేపలు కాదు, నేనే అని అతన్ని పిలిచి చెబుదామనుకున్నాను. అప్పటికే అతను స్నానానికి వెళ్లి, గీజరు వేసుకుని, తలుపు గడియ పెట్టుకున్నాడు.