సగంలో ఆగిన విసుర్రాయి పాట

జర దగ్గరికి జరిగి కూర్చోండి. చెవుల్లో పెట్టుకున్నవి కాసేపు తీసి ఒళ్లో పెట్టుకోండి, మీ పాటలు ఎక్కడికీ పోవు. నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లోకి పాట వచ్చే దారి ఒక్కటే, అది మా నాయనమ్మ విసుర్రాయి. పొద్దు వాలగానే చాటలో జొన్నలు పోసుకుని, ఒక కాలు చాపి ఒక కాలు మడిచి ఆమె రాయి ముందు కూర్చునేది. పిడి పట్టగానే పాట దానంతట అదే వచ్చేది.

అది ఏ పాట అని చెప్పడానికి లేదు. ఒకరోజు పెళ్లిలో విన్న నలుగు పాట. ఒకరోజు ఒగ్గువాళ్లు చెప్పిన కథలోని ముక్క. కొత్తగా క్రీస్తును నమ్ముకున్న వాడ నుంచి గాలికి కొట్టుకొచ్చిన ప్రార్థన పాట ఇంకోరోజు. బస్సు ఆగేచోట హోటల్లో పెద్ద పువ్వులాంటి గొట్టం ఉన్న పాటల పెట్టె ఉండేది. అందులో విన్న ఉర్దూ గజల్‌ను, మాటలన్నీ తప్పు పలుకుతూ, రాగం మాత్రం వెంట్రుకవాసి తప్పకుండా జొన్నల మీదికి దింపేది. నీ పాటకు ఊరూ లేదు పేరూ లేదని మా తాతయ్య నవ్వేవాడు. చేతికి నొప్పి తెలియనియ్యని పాట ఏదైనా నాదేనని ఆమె జవాబు.

ఒక్క కట్టడి మాత్రం ఉండేది. ఎత్తుకున్న చరణం పూర్తికాకుండా పిడి మీది నుంచి చెయ్యి తీయకూడదు. సగం పాటతో విసిరిన పిండి రొట్టెకు రాదనీ, పెనం మీద పగిలిపోతుందనీ మా ఇంటి ఆడవాళ్ల నమ్మకం. దేవుడి పాటైనా, హోటలు పాటైనా ఈ కట్టడి తప్పదు.

మా గోడకు అవతల దూదేకుల తాత ఇల్లు. ఆయన విల్లు నారి మీద కొయ్యతో కొట్టి దూది ఏకుతుంటే వచ్చే దెబ్బకు సరిగ్గా కుదిరేటట్టు నాయనమ్మ రాయి తిప్పేది. పీర్ల పండుగ వచ్చిందంటే అలావ, అంటే నిప్పుల గుండం, దాని చుట్టూ మేమంతా ఆడేవాళ్లం. పాట ఎత్తేది ఆ తాతే. గుక్కెడు నీళ్లు దొరక్క చనిపోయిన వీరుల పాటలు అవి. వాటిలో ఒకటి నాయనమ్మకు ప్రాణం. "నీళ్లకని పోయినోళ్లు ఏ దారిన వస్తరో" అని ఒకరు ఎత్తితే, మిగతావాళ్లు పై మాట అందుకోవాలి.

అవి రజాకార్ల రోజులు. మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు, నిజాం మీద కొట్లాడే సంఘంలో కలిశాడు. రజాకార్లు ఒకసారి పట్టుకుని ఎంత కొట్టారంటే, ఆ తర్వాత ఆయన ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. కోలుకోగానే కోహెడ దిక్కు గుట్టల్లోకి వెళ్లిపోయి చాలా నెలలు ఇంటి ముఖం చూడలేదు. యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయాకే తిరిగి వచ్చాడు. వాడంతా సంబరపడింది. గోడ అవతల మాత్రం విల్లు ఆగిపోయింది. దూదేకుల తాత సాయిబే అయినా ఆయనకు రజాకార్లతో ఏ పొత్తూ లేదని అందరికీ తెలుసు. అయినా ఎక్కడెక్కడో సాయిబుల ఇళ్ల మీద పడుతున్నారని వినిపించేది. ఎవరి మీది కోపం ఎవరి నెత్తిన పడుతుందో తెలియని కాలం. వాళ్లు తలుపు వేసుకుని కూర్చున్నారు. చలి మొదలైనా దూది ఏకమని వాళ్లను పిలిచినవాళ్లు లేరు.

అంతలో పీర్ల నెల వచ్చింది. ఈ యేడు పీర్లు లేవవనీ, అలావ తవ్వేది లేదనీ, ఆ పాటలు ఈ ఇంట్లో వినపడొద్దనీ చిన్నాయన అరుగు మీద కూర్చుని చెప్పేశాడు. దెబ్బలు తిన్న మనిషి కదా, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అప్పట్లో వాడలో ఆయన మాటకు అంత బరువు ఉండేది.

ఆ సాయంత్రం నేను గోడ మీది నుంచి తొంగి చూస్తే దూదేకుల వాళ్ల వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి. విల్లుకు నారి విప్పేసి, ఉత్త కట్టెలాగా మూటలకు ఆనించారు. తెల్లారి పట్నంలో చుట్టాల దగ్గరికి పోతున్నారట. ఇక రారట. పరుగున వచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆమె నన్నూ మా అమ్మనూ సాయం పట్టమని విసుర్రాయిని దాని మూల నుంచి గోడ పక్కకు జరిపించింది. జొన్నలు పోసుకుని, వద్దన్న ఆ పాటే ఎత్తింది.

"నీళ్లకని పోయినోళ్లు ఏ దారిన వస్తరో..."

రెండోసారి అదే మాట అని ఆగిపోయింది. రాయి ఆగింది, చెయ్యి మాత్రం పిడి మీదనే ఉంది. పై మాట యాదికొస్తలేదని అంది. గోడ అవతల చడీ చప్పుడూ లేదు. పొయ్యి మీద పెనం కాగుతోంది.

"ఆపు అవ్వా," అన్నాడు చిన్నాయన తల్లితో. "నీకు వంద పాటలొస్తయ్ గద. ఇంకోటి ఎత్తు."

"ఎత్తినదాన్ని నడుమ ఇడిశిపెట్టి ఇంకోటెట్ల ఎత్తుత? పిండి ఆగమైతది."

"అయితే చెయ్యి తియ్యి."

"తియ్య."

ఈ పూటకు మనం పాటలే తినాలె అని తాతయ్య మెల్లగా గొణిగాడు. పై మాట ఆమెకు తెలుసని మా అందరికీ తెలుసు. చిన్నాయనకూ తెలుసు. చిన్నతనంలో దూదేకుల తాత భుజాల మీద కూర్చుని ఆ పాట అందుకున్నవాడు ఆయన. అయినా పళ్లు బిగించి కూర్చున్నాడు. వాకిట్లో వెలుగు తగ్గుతోంది. నాయనమ్మ తల ఎత్తకుండానే మెల్లగా మాట్లాడింది.

"నువ్వు గుట్టల్ల ఉన్నన్ని దినాలు నేను రోజూ ఇదే ఎత్తిన బిడ్డా. నడుమకొచ్చేసరికి ఏడుపొచ్చి పాట ఆగుతుండె. పై మాట గోడ అవతలికెల్లి వాళ్లే అందిస్తుండిరి. ఒక్క దినం గూడ నా చెయ్యి గిట్ల ఉండిపోలే."

చిన్నాయన లేచి వచ్చి, రాయికి అటువైపు కూర్చుని, ఆ లేవని చెయ్యినే నాయనమ్మ చేతి మీద వేసి పిడి పట్టాడు. ఆయన గొంతు పాటకు పనికొచ్చేది కాదు. అయినా అందుకున్నాడు.

"కుండ నింపి కూసున్నం, ఈ దారిన రారాదా..."

రాయి కదిలింది. రెండోసారి గోడ దిక్కు తిరిగి, ఇంకాస్త గట్టిగా పాడాడు. అవతల ఎవరో వాకిట్లోకి నడిచిన అలికిడి అయింది. ఆ తర్వాత బిగుస్తున్న నారి చప్పుడు. చివరికి, ఎన్నాళ్లకో, విల్లు దుమ్మని ఒక్కసారి మోగింది. ఆ దెబ్బ వెంటే ముసలి గొంతు పాట ఎత్తుకుంది. ఆ పూట మా రొట్టెలు పగలలేదు కానీ, అన్నీ మాడిపోయాయి. మా అమ్మ పొయ్యి సంగతి మరిచి ఏడుస్తూ కూర్చుంది మరి.

మూటలు విప్పారు. అలావకు మొదటి గడ్డపార చిన్నాయనే వేశాడు. అందరి మనసులూ అంత తొందరగా కుదుటపడ్డాయని చెప్పను. ఆ యేడు గుండం చుట్టూ మనుషులు పలచగానే ఉన్నారు. ఉర్దూ గజల్ మాత్రం బతికినన్నాళ్లూ విననని చిన్నాయన అనేవాడు. నాయనమ్మ విసుర్రాయి మీద అది వస్తే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు కాదు.

ఇప్పుడు మా మనవడు ఆదిభట్లలో కొలువు చేస్తాడు. ఇన్ని తీర్ల పాటల్లో నీకు ఏది ఇష్టమని మొన్న అడిగాడు. బతుకమ్మ పాటా ఇష్టమే, కవ్వాలీ ఇష్టమే, మాట మీద మాట ఎక్కించి వాడు వినే ఆ కొత్త తీరు పాటా ఇష్టమే. కంపెనీ బస్సు రాగానే వాడు పాటను నడుమ ఆపేసి పరుగెత్తుతాడు. అది నాకు వచ్చినా రాకున్నా, మిగిలిన సగం నేను గుమ్మంలో కూనిరాగంగా తీసి ముగిస్తాను. ముగిసేదాకా నా చెయ్యి తలుపు మీది నుంచి తీయబుద్ధి కాదు.

మీ ఇంటి రొట్టె పెనం మీద ఏనాడూ పగలకూడదు బిడ్డలారా. మీరు ఎత్తిన పాటకు గోడ అవతలి నుంచి ఎప్పుడూ ఒక గొంతు అందాలి.