మూడో తరగతి చీటీ

కళ్ళద్దాలాయన తన జీవితంలో సగం ఇతరుల కళ్ళకూ, సగం తన చెవులకూ రాసిచ్చేశాడు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా దుకాణంలో అద్దం మార్చి అద్దం పెట్టి, “ఇది బాగుందా? పోనీ, ఇదీ?” అని వచ్చినవాళ్ళందరినీ అడిగీ అడిగీ, తన అభిప్రాయం కూడా ఎవరైనా అడిగితే బాగుండునన్న కోరిక ఆయనలో బలంగా నాటుకుపోయింది. ఆ లోటు తీర్చింది రికార్డుల సంఘం.

సంఘమంటే నలుగురే. నెలకు రెండు ఆదివారాలు పళ్ళ డాక్టరు క్లినిక్‌లో, మామూలు రోజుల్లో రోగులు దవడ పట్టుకుని కూర్చునే గదిలో సమావేశం. కొత్తగా కొన్న రికార్డులు, ఎవరో పారేస్తే ఏరుకున్న రికార్డులు తెచ్చి చూపించుకోవడం, వినడం, ఎదుటివాడి దానికంటే తనది మేలని మర్యాదగా సూచించడం అక్కడి కార్యక్రమం. గది, ప్లేయరు, స్పీకర్లు పళ్ళ డాక్టరువి కాబట్టి ఆయన అధ్యక్షుడు. లైబ్రరీ మేడం మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఆవిడ కార్యదర్శి. ఆరు నెలల కిందట చేరిన సెలూనాయన ఉత్త సభ్యుడు. కళ్ళద్దాలాయన న్యాయమూర్తి.

ఈ పదవికి కారణం డాక్టరు గారి సూది. ప్లేయరులో అది చాలా ఖరీదైన భాగం. దుమ్ము పట్టిన రికార్డు పెట్టినా, గీతలు పడ్డ రికార్డు పెట్టినా పాడైపోతుంది. అందుకని ఎవరు ఏం తెచ్చినా ముందు కళ్ళద్దాలాయన ఇంటికి వెళ్ళాలి. ఆయన దాన్ని అద్దాలు కడిగే నీళ్ళతో కడిగి, అద్దాలు తుడిచే బట్టతో తుడిచి, తన పాత ప్లేయరు మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఒక చీటీ రాసి అట్టలో పెడతాడు. మొదటి తరగతి అంటే సభలో వినవచ్చు. రెండో తరగతి అంటే చిటపటలు ఓర్చుకుని వినవచ్చు. మూడో తరగతి అంటే డాక్టరు గారి సూది దరిదాపులకు రానివ్వరాదు. పదకొండేళ్ళలో ఆ చీటీ మీద అప్పీలు చేసినవాడు లేడు. “ఆయన చెవి పడిందంటే ఇక తిరుగులేదు” అనేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు కళ్ళద్దాలాయన భోజనం ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

పళ్ళ డాక్టరు ఆయనకు తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఆడవాళ్ళ మీద సామెత కట్టారు గానీ, కట్టినవాడికి తోడల్లుడు లేడని నా నమ్మకం. డాక్టరు చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు. ఆయన మంచివాడు. పెద్ద ఇల్లు కట్టి, గృహప్రవేశం నాడు మొదటి కుర్చీ తోడల్లుడికే వేయించాడు. యాభై దగ్గర పడుతున్నా ఒక్క వెంట్రుక రాలలేదు, దాని గురించి గొప్ప కూడా చెప్పుకోడు. ఇన్నింటినీ కళ్ళద్దాలాయన పళ్ళ బిగువున భరిస్తున్నాడంటే, ‘వాడికి అన్నీ ఉన్నాయి, చెవి లేదు’ అన్న ఒక్క మాట ఆధారంగానే.

ఒక ఆదివారం డాక్టరు సంచిలోంచి నాలుగు రికార్డులు తీశాడు.

“పళ్ళ సెట్టు పెట్టాను ఒక పెద్దావిడకి. సంతోషపడిపోయి ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి ఇచ్చేసిందన్నయ్యా. ఇదేదో వయొలిన్ ఆవిడట. నేనెప్పుడూ వినలేదు. మీరు విన్నారా?”

కళ్ళద్దాలాయన అట్ట చూశాడు. ఆ వయొలిన్ ఆవిడ జన్మలో ఒకే ఒక్క రికార్డు ఇచ్చి, వాయించడం మానేసింది. దానికోసం ఆయన ఇరవై ఆరేళ్ళుగా వెతుకుతున్నాడు. దుకాణాలకు ఉత్తరాలు రాశాడు. ఒకసారి పగలంతా బస్సులో కూర్చుని వెళ్తే ఖాళీ అట్ట దొరికింది. ఇంటావిడ చేత తిట్లు తిని మరీ దాన్ని గోడకు తగిలించుకున్నాడు. అలాంటిది, ఈయన ఒక ముసలమ్మ నోట్లో పళ్ళు పెట్టి, పైసా ఖర్చు లేకుండా తెచ్చుకున్నాడు.

“పేరు విన్నట్టే ఉంది,” అన్నాడు, గొంతు సవరించుకుని.

ఇంటికి తీసుకెళ్ళి కడిగాడు. పెట్టి విన్నాడు. ఒక్క గీత లేదు. నిశ్శబ్దం నిశ్శబ్దంలా ఉంది, వయొలిన్ పక్కన కూర్చుని వాయిస్తున్నట్టుంది. ఆనందం మోకాలి దాకా వచ్చింది గానీ, కడుపులో మంట దాన్ని పైకి రానివ్వలేదు. ఇది వాడి అలమరలోకి వెళ్ళి, వాడికి అర్థంకాని మరో మూడొందల రికార్డుల మధ్య నిలబడుతుంది.

ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, “ఏమిటలా కళ్ళు తుడుచుకుంటున్నారు?” అంది.

“దుమ్ము.”

“ఇప్పుడేగా కడిగారు.”

ఆయన చీటీ తీసుకుని, పదకొండేళ్ళ న్యాయచరిత్రకు మనసులోనే నమస్కారం పెట్టి, ‘మూడో తరగతి’ అని రాశాడు. లెక్క సులువైనది. పాడైన రికార్డులు డాక్టరు ఎప్పుడూ, “మీరే ఉంచుకోండన్నయ్యా” అని ఇచ్చేస్తాడు.

ఆదివారం వచ్చింది. డాక్టరు చీటీ చదివి, “అయ్యో, పెద్దావిడ అంత ప్రేమగా ఇచ్చింది,” అన్నాడు. “సరే, ఏం చేస్తాం. మీరే…”

“నాకివ్వండి సార్,” అన్నాడు సెలూనాయన. “నా మెషీనుకి సూది వేసి పన్నెండేళ్ళయింది. దానికి పోయే పరువేం లేదు.”

“తీసుకో నాయనా,” అన్నాడు డాక్టరు.

కళ్ళద్దాలాయన సగం లేచాడు. లేచినవాడు ఏమనాలి? ‘ఆ మొద్దు సూది పెడితే ఇంత మంచి రికార్డు పాడైపోతుంది’ అనాలి. మంచి రికార్డని తెలుసన్నమాట. మింగలేక కక్కలేక, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. ఆ పదిహేను రోజులూ ఆయనకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే రికార్డు మీద సూది నాగలిలా దున్నుతోంది.

తరువాతి సమావేశానికి సెలూనాయన రికార్డు వెనక్కి పట్టుకొచ్చాడు.

“సార్, నేను తప్పు వింటున్నానేమో తెలీదు. ఒక్కసారే పెట్టాను. నా డొక్కు మెషీను మీదే గాజులా వస్తోంది. ఇంక పెట్టబుద్ధి కాలేదు. మీ దాని మీద ఒక్కసారి వినండి.”

న్యాయమూర్తి వద్దన్నా అధ్యక్షుడు వినలేదు. ఆరు నిమిషాలు ఎవరూ కదల్లేదు. వయొలిన్ ఆగాక, అందరూ కళ్ళద్దాలాయన వైపు తిరిగారు.

“మూడో తరగతి అని రాశారేం?” అంది లైబ్రరీ మేడం.

ఆయన ముందు రెండే దారులు. అబద్ధం రాశానని ఒప్పుకోవడం, లేదా వినపడలేదని ఒప్పుకోవడం. అసూయపరుడు అనిపించుకోవడం కంటే చెవిటివాడు అనిపించుకోవడమే గౌరవమని అప్పటికప్పుడు తోచింది.

“ఈ మధ్య… చెవిలో ఏదో గుయ్యిమంటోంది,” అన్నాడు నేల చూస్తూ. “బయటి చిటపటో, లోపలి చిటపటో తెలీడం లేదు.”

“ఎప్పట్నుంచండీ?” అంది మేడం. ఆవిడ ఆలస్యమైన పుస్తకాలకు సాకులు వినీ వినీ పండిపోయిన మనిషి.

కానీ డాక్టరు అప్పటికే లేచి వచ్చి భుజం పట్టుకున్నాడు. “ముందే చెప్పొద్దా అన్నయ్యా? నా క్లాస్‌మేటు ఉంది, చెవుల డాక్టరు. రేపే వెళ్దాం. అంతదాకా చీటీలు నేను రాస్తాలెండి.” ఈ మాటలన్నీ గట్టిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. ఇచ్చింది ఇచ్చినట్టేనని రికార్డు సెలూనాయనకే వదిలేశాడు.

మర్నాడు చెవుల ఆస్పత్రి. గాజు కిటికీ ఉన్న చిన్న గది, అందులో కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. చప్పుడు మెట్టు మెట్టుగా తగ్గుతూ వస్తుంది, వినపడ్డప్పుడల్లా నొక్కాలి. కళ్ళద్దాలాయన రాత్రంతా పథకం వేసుకునే వచ్చాడు. పెద్దవి నొక్కాలి, చిన్నవి వదిలెయ్యాలి. కొంచెం చెవుడు, గౌరవనీయమైన చెవుడు.

లోపలికి వెళ్ళబోతుంటే డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

“భయపడకండన్నయ్యా. మీకు తోడుగా ఉంటుందని ఇప్పుడే నేనూ చేయించుకున్నా. నా వయసులో ఇంత మంచి చెవులు చూడలేదంది. చిత్రంగా లేదూ? నాకసలు చెవే లేదనుకునేవాణ్ణి.”

తలుపు మూసుకుంది. మొదటి చప్పుడు వచ్చింది. పెద్దది, నొక్కాడు. రెండోది చిన్నది. వదిలేద్దామనుకున్నాడు, బొటనవేలు వినలేదు. మూడోది ఇంకా చిన్నది. నాలుగోది దోమ నిట్టూర్చినట్టుంది. గాజు అవతల డాక్టరు జాలిగా తల ఊపుతున్నాడు. ఆ జాలి చూశాక కళ్ళద్దాలాయన వదిలిన చప్పుడు లేదు.

చెవుల డాక్టరమ్మ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. “ఈయన్నెందుకు తీసుకొచ్చావు? ఇరవయ్యేళ్ళ పిల్లలక్కూడా ఉండవు ఇలాంటి చెవులు.”

ఇద్దరూ కారెక్కారు.

“అంటే, వినపడే రాశారన్నమాట,” అన్నాడు డాక్టరు.

“వినపడే రాశాను.”

రెండు వీధులు గడిచాయి. కళ్ళద్దాలాయన ఇద్దరి పరీక్ష కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని, తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాడు. అన్నీ న్యాయమైనవే అవుతాయని ఆయనకు తెలుసు. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. డాక్టరు ముందుకే చూస్తూ అడిగాడు.

“నాకంటే ఎన్ని మెట్లు ఎక్కువొచ్చింది మీకు?”

“మూడు,” అన్నాడు కళ్ళద్దాలాయన, చేతనైనంత వినయంగా. ఆయనకు చేతనైంది కొంచెమే.