గిలక్కాయకు అడ్డకోత

మా అక్క పని కంప్యూటర్‌లో ప్లాస్టిక్ వస్తువులకు నమూనాలు గీయడం. గీసినదాన్ని తెర మీదే కోసి చూస్తుంది. నమూనా మధ్య కనబడని పలక ఒకటి నిలబెడితే ఇవతలి సగం మాయమై లోపలి గోడలు బయటపడతాయి. నమూనాకేమీ కాదు, కోత చూపుకు మాత్రమే. మౌస్‌తో పలకను జరిపేకొద్దీ కోత మారుతుంది. ఎక్కడ గోడ పల్చబడిందో, ఎక్కడ బోలుగా ఉందో తెలిసిపోతుంది. ఆఫీసులో ఆమెను 'కత్తెరమ్మ' అంటారు. ఆ పేరు విని మురిసిపోతుంది కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా పాపను ఎత్తుకుని అక్క ఇంటికి వెళ్లాను. పాపకు పళ్లు వస్తున్నాయి, చేతికందిందల్లా నోట్లోకే. నేను చదివింది రసాయనశాస్త్రం. తల్లినయ్యాక ఇంట్లో ప్రతి డబ్బా మూతా నాకు అనుమానంగానే కనబడుతోంది.

బల్ల మీద తెల్లటి గిలక్కాయ ఉంది. అక్క గీసిన నమూనా నుంచి త్రీడీ ప్రింటర్‌లో ముద్రించి తెచ్చినది. పాప చెయ్యి చాచింది.

"దానికివ్వకే, అది మచ్చు మాత్రమే" అంది అక్క. "అచ్చు తయారవుతోంది. అసలుది వచ్చాక మొదటిది మన చిట్టిదానికే."

గిలక్కాయను కిటికీ దగ్గర తిప్పి చూశాను. పిడి మీద బొటనవేలు ఆనడానికి చిన్న గుంట ఉంది. మిగతాదంతా తెల్లగా ఉంటే ఆ గుంటలో మాత్రం వెలుతురు తెలుస్తోంది.

"అక్కా, ఇక్కడ పల్చగా ఉందేంటి?"

"గోడ మొత్తం రెండు మిల్లీమీటర్లు. కోసి చూశాను."

"మరి వెలుతురు ఇక్కడే ఎందుకొస్తోంది? కొరికితే పగలదూ? లోపలన్నీ పూసలే కదా!"

సోఫాలో ఉన్న బావ నవ్వాడు. "మీ చెల్లెలు నీళ్లు కూడా కడిగి తాగే రకం."

"మీకేం బావా, గొంతులో పూస ఇరుక్కుంటే గుండె ఆగేది నాకు."

అక్క నవ్వలేదు. లాప్‌టాప్ తెరిచింది. పిడిని నిలువునా, రెండు సగాలు అతికే చోట కోసి చూసే కోత ఒకటి ఎప్పుడో దాచుకుంది. నొక్కగానే అదే వస్తుంది. అందులో గోడలు చక్కగా, ఒకే మందంతో ఉన్నాయి. నాకు ఊపిరి వచ్చింది. అక్క మాత్రం తెరకు ఇంకా దగ్గరగా వంగింది.

"ఈ గుంట తర్వాత పెట్టమన్నారు" అంది మెల్లగా. "పెట్టాక మళ్లీ ఈ కోతే చూశాను."

గుంట ఉన్నది పిడి ముందువైపు. ఆ నిలువుకోతలో అది పడనే పడదు. అక్క పలకను అడ్డంగా తిప్పి గుంట మీదకు జరిపింది. రెండు మిల్లీమీటర్లు ఉండాల్సిన గోడ అక్కడ ఉల్లిపొరలా మిగిలింది.

అక్క అచ్చు మేస్త్రికి ఫోన్ చేసింది. తీయలేదు. మళ్లీ చేసింది.

"మిషను మోతలో వినబడి ఉండదు. పద, పోదాం." మేస్త్రి అచ్చులు చేసే షెడ్డు రెండు వీధుల అవతలే.

పాపను బావకు అప్పగించాను. "ఆ గిలక్కాయ దానికి అందకుండా పెట్టండి."

"నేను కొరకొచ్చా?" అన్నాడు బావ. అప్పటికే అక్క లాప్‌టాప్ చంకన పెట్టుకుంది, ఇద్దరం బయటపడ్డాం.

దారంతా నా తలలో ఒకటే లెక్క: ఇలాంటివి ఎన్ని ఇళ్లకు వెళ్తాయి, ఎందరు పిల్లల నోళ్లలోకి వెళ్తాయి? అక్క ముందు నడుస్తోంది. ఆమె చెప్పు పట్టీ ఊడి కొట్టుకుంటున్నా ఆగలేదు.

"రండి కత్తెరమ్మా, ఆదివారం కూడా కోతలేనా?" అని మేస్త్రి నూనె చేతులు తుడుచుకున్నాడు. బయటి అచ్చు గుంటతో సహా తయారైపోయింది. పిడి లోపలి బోలును తెచ్చే ఉక్కు దిమ్మను మిషనుకు బిగిస్తున్నాడు.

అక్క విషయం చెప్పింది. "మీ ఓనరు చెబితేనే ఆపుతానమ్మా" అన్నాడతను. ఆమె ఓనరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"కోసి చూశా, బాగుందన్నావు కదా?" అన్నాడు ఓనరు.

"పాత కోత చూసి అన్నాను సార్. తప్పు నాదే."

"ఆలస్యమైతే బేరం చేజారుతుంది. ఈసారికి పోనిద్దాం. మధ్యలో బాగానే ఉందిగా!"

"పిల్లలు మధ్యలోనే కొరకరు సార్."

అక్క ఉద్యోగం పోతుందేమోనని నాకు భయం వేసింది.

మేస్త్రి ఫోన్ దగ్గరకు వంగాడు. "సార్, ఉక్కును చెక్కగలం కానీ అతికించలేం. ఈ దిమ్మ ఇంకా చెక్కలేదు. గుంట వెనక ఇంకాస్త లోతుగా చెక్కితే గోడ మందం అవుతుంది. బయటి అచ్చు జోలికి పోనక్కర్లేదు."

"ఎంత ఆలస్యం?"

"ఆమె గీతలు సరిచేసి ఇచ్చేంత."

"కానీండి" అని ఓనరు పెట్టేశాడు. అక్కను మందలించాడో, వదిలేశాడో ఆ ఒక్క మాటలో తెలియలేదు.

అక్క అక్కడే స్టూలు మీద కూర్చుని లోపలి గోడను సరిచేసింది. తర్వాత పలకను అడ్డంగా పెట్టి పిడి ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా జరిపింది. గోడ ఎక్కడా సన్నబడలేదు.

"మళ్లీ ఒకసారి" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. అక్క నవ్వకుండా, విసుక్కోకుండా, పలకను మళ్లీ మొదటికి తెచ్చింది.