నాయన పాట చివర దగ్గు

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ ఆ రకమే. అయినా ఇది చెప్పాలి.

అనంతపురంలో ఒక డిజిటల్ లైబ్రరీలో నా ఉద్యోగం. మూతపడబోయే వెబ్‌సైట్లను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో భద్రపరుస్తాం. అది లింకు వెంట లింకు పట్టుకుని పోయి పేజీలు, ఫొటోలు, పాటలు అన్నీ దాస్తుంది. ప్రతి ఫైలుకూ ఒక గుర్తు ఇస్తుంది. ఫైల్లో రవ్వంత మారినా ఆ గుర్తు మారిపోతుంది.

పోయిన వేసవిలో ఒక పల్లెపాటల సైటు ఆగిపోతోందంటే దాచిపెట్టాం. అందులో మా నాయన పాడిన పాట ఉంది, శెనక్కాయలు ఒలిచేటప్పుడు పాడేది. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది. పూడుకుపోయిన బావుల్లో దిగి మట్టి తీయడం ఆయన పని. తాడుకు దీపం కట్టి దించకుండా ఏ బావిలోనూ కాలు పెట్టేవాడు కాదు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని అర్థం.

పాట సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని ఒక మధ్యాహ్నం పెట్టాను. నాకు కంఠతా వచ్చిన పాటే. అది అయిపోయాక దగ్గు వినిపించింది. నాయన దగ్గు. ఆ వెంటనే మాట.

"దీపం దించినారా? చిన్నోడు దిగుతాండాడు."

చిన్నోడంటే మా తమ్ముడు, యాడికి మండలంలోని మా ఊళ్లోనే ఉంటాడు. ఫోన్ చేశాను. ఎండిపోయిన మా బావిలో పూడిక తీయడానికి నడుముకు తాడు కట్టుకుంటున్నాడట.

"దీపం దించినావా?" అని అడిగాను.

"ఇంగా దీపమేందన్నా? ఫోన్ లైటేసి చూసినాం. అడుగు బాగా కనపడతాండాది."

గాలి చెడిపోయినా ఫోన్ లైటు ఆరదు. తిట్టాను, బతిమాలాను. విసుక్కుంటూనే దీపం దించాడు.

"ఆరిపాయన్నా" అన్నాడు కాసేపటికి.

మళ్లీ పాట పెట్టాను. పాటతోనే ఆగిపోయింది. సైట్లో ఉన్నదీ అంతే. రెండింటి గుర్తూ ఒకటే. నా చెవులు భ్రమపడ్డాయనే అనుకుందాం. తమ్ముడు దిగబోతున్న సంగతి మరి నాకెవరు చెప్పారు?

తమ్ముడు ఆ బావి పూడ్పించేశాడు. అంతటితో పోయిందనుకున్నాను.

పోయిన వారం ఎవరో అడిగితే ఆ పాట తెరిచాను. చివర మళ్లీ దగ్గు. మాట వినపడకముందే భయంతో చప్పున ఆపేశాను. కాస్త తేరుకుని, వినాల్సిందేనని మళ్లీ పెట్టాను. పాట ఒక్కటే ఉంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

రోజూ పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి ఏ పనికి పోతున్నావని అడుగుతున్నాను. "ఏమన్నా, ఏమైంది నీకు?" అంటాడు.

ఈసారి నాయన ఎవరి గురించి చెప్పబోయాడో నాకు తెలియదు.