రెండుసార్లు పాడిన పాట

మా మేనమామను అందరూ చీకటి మామయ్య అంటారు. రంగు చూసి కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఫోటోలు కడిగే చీకటిగదిలోనే ఉండేవాడు. భోజనానికి బయటికొస్తే వెలుగుకు కళ్ళు చికిలించుకుంటూ, ఎవరింటికో చుట్టంచూపుగా వచ్చినవాడిలా నిలబడేవాడు.

ఆ గది వంటింటి పక్కనే. ఫిల్ము కడిగే డెవలపర్ మందు ఆయనే కలిపి గోధుమరంగు సీసాల్లో పోసుకునేవాడు. వాడేకొద్దీ సీసా వెలితి పడుతుంది, వెలితిలో గాలి చేరుతుంది, గాలి తగిలితే మందు చచ్చిపోతుంది. అందుకని తీసినంత మేరా గాజు గోళీలు వేసి మూతిదాకా నింపేవాడు. ఆ మసకలో గోళీలు మెల్లగా దొర్లే చప్పుడు వింటుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది.

మందు ఇంకా పనికొస్తుందో లేదో తేల్చడానికి ఆయన తేదీలు చూసేవాడు కాదు. వెలుగు తగిలిన ఫిల్ము ముక్కను అందులో ముంచి, మాటల్లేని ఒక పాట కూనిరాగం తీసేవాడు. పాట ముగిసేలోపు ముక్క నల్లబడితే మందు బతికున్నట్టు. పాట దాటిందా, సీసా మొత్తం తూములోకే. పరాయివాళ్ళ పెళ్ళి ఫోటోలతో ప్రయోగాలేమిటనేవాడు. ఎవరెంత చెప్పినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

తలుపవతల కూరగాయలు తరుగుతూ అత్తయ్య ఆ పాట వినేది. ఇవాళ మందు లేతగా ఉంది, ఇవాళ ముదిరింది అని నా చెవిలో చెప్పి నవ్వేది.

మామయ్య పని మానేశాక అత్తయ్య చూపు తగ్గడం మొదలైంది. అది ఆగదని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజే ఆమె బీరువాలోంచి పాత కెమెరా తీసింది. అందులో తాను కొత్త కాపురంలో తీసిన రీలుందట. సిగ్గేసి ఇన్నాళ్ళూ ఇవ్వలేదట. కళ్ళుండగా అది చూడాలంది.

ఇంట్లో మిగిలింది ఒక్క సీసా. ఆ మందు పొడి తయారుచేయడం ఎప్పుడో ఆపేశారు. మామయ్య ముక్క ముంచి పాట అందుకున్నాడు. పాట అయిపోయింది, ముక్క బూడిదరంగు దాటలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి ముగుస్తుండగా నల్లబడింది. అలవాటు కొద్దీ సీసా పట్టుకుని తూము దగ్గరికి నడిచాడు.

"పారబొయ్యకండి," అంది అత్తయ్య అవతలి నుంచి. "రెండుసార్లు పాడారు. అంటే చావలేదు, ముసలిదైంది. రీలు రెట్టింపుసేపు ఉంచండి."

"పాడైతే మళ్ళీ రాదు. ఇంకో సీసా ఎక్కడైనా దొరికేదాకా ఆగుదాం."

"దొరుకుతుందేమో. అప్పటిదాకా నా కళ్ళు ఆగవు."

ఆయన దీపం ఆర్పాడు. చీకట్లో ఆ పాట మళ్ళీ మళ్ళీ సాగింది. మధ్యలో ఆయన వరస తప్పాడు. ఆయన అంత భయపడటం నేనెప్పుడూ ఎరగను. అప్పుడు తలుపవతల నుంచి అత్తయ్య గొంతు కలిపింది.

రీలు పల్చగా, మంచు కప్పినట్టు వచ్చింది. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని మామయ్య ఒక్కో ఫోటో చూశాడు. నేనూ చూశాను. అన్నిట్లోనూ ఒకటే తలుపు. పొద్దుటి ఎండలో మూసిన తలుపు. తడి గొడుగు ఆనించిన తలుపు. ముందర చల్లారిపోయిన కాఫీ గ్లాసుతో, మూసిన తలుపు. మా చీకటిగది తలుపే.

"ఆఖరిది వచ్చిందా?" అంది అత్తయ్య.

ఆఖరిదాంట్లో తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో పడుచు మామయ్య కళ్ళు చికిలించి ఆమెనే చూస్తున్నాడు.

"వచ్చింది," అన్నాడు.

మిగిలిన మందుతో ఆ ఒక్క ఫోటోనే కాగితం పట్టినంత పెద్దదిగా వేశాడు. అత్తయ్య దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు తీరిగ్గా చూసింది. చూసినంతసేపూ ఆ పాటే పాడుకుంది.

మర్నాడు మామయ్య చీకటిగది తలుపు బందులు ఊడదీసి, తలుపును పెరటిగోడకు చేరేశాడు. వెలుగు పడితే ఆ గది ఇక దేనికీ పనికిరాదన్నాను. తెలుసన్నాడు.