బాబాయి నొక్కని బటన్

అమ్మ పోయాక టాటానగర్ దగ్గర బర్మామైన్స్‌లోని మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నాది ఇంటి నుంచే చేసే పని. క్రిప్టో కాయిన్ల లెక్కలన్నీ ఉండే బ్లాక్‌చెయిన్ మీదికి ఒక లావాదేవీని పంపేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకని పంపే ముందే దాన్ని ఆ బ్లాక్‌చెయిన్‌కి తీసిన ఒక నకలు మీద నడిపి, ఏం జరగబోతోందో చూపించే ప్రోగ్రాం రాస్తాను. దాన్ని సిమ్యులేషన్ అంటాం. బయట ఏదీ కదలదు, ఎవరికీ తెలియదు. ఫలితం మాత్రం కళ్లకు కనబడుతుంది.

నాతో పనిచేసేవాళ్లు ఏయే దేశాల్లోనో ఉంటారు. ఒక్కరి గొంతూ నేను వినలేదు, అంతా మెసేజ్‌లే. కొన్ని సాయంత్రాలు కూరగాయల బండి దగ్గర బేరమాడబోతే గొంతు పెగిలేది కాదు. పొద్దుట్నించీ నోరు విప్పలేదని అప్పుడు గుర్తొచ్చేది.

మా ఎదురింటాయన టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. సొంతూరు శ్రీకాకుళం వైపు. భార్య చనిపోయి చాలా కాలమైంది. చుట్టం కాకపోయినా చిన్నప్పట్నించీ ఆయన్ని బాబాయి అనే పిలిచేదాన్ని. ఆ ఏడాది ఆయనలో మార్పు కనబడింది. రోజూ గడ్డం గీసుకునేవాడు. గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ తనలో తనే నవ్వుకునేవాడు.

ఒక ఆదివారం ఉదయం ఆ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"నువ్వు ఈ క్రిప్టో పన్లే కదా సేత్తావు తల్లీ? ఓపాలి సూడు. ఈ బటన్ నొక్కమంటంది."

"ఎవరు బాబాయ్?"

ఆయన ఫోన్ వంక చూసుకున్నాడు. "దోస్తు" అన్నాడు. "ఆన్‌లైన్లో పరిచయం. కాయిన్లు కొనడం ఆవిడే నేర్పింది. వెరిఫికేషన్ సేసుకోకపోతే ఖాతా బంద్ అయిపోద్దంట."

ఆ లావాదేవీ వివరాలు నా లాప్‌టాప్‌లోకి ఎక్కించి నకలు మీద నడిపాను. బాబాయి కాయిన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"సూశావా! ఏటీ పోలేదు. పక్కా మడిసి ఆవిడ" అన్నాడు సంబరంగా.

నాకు నమ్మకం కుదరలేదు. మళ్లీ జాగ్రత్తగా చదివాను. అది వెరిఫికేషన్ కాదు, అనుమతి. బాబాయి కాయిన్లను ఎప్పుడైనా, ఎన్నైనా తీసుకోవచ్చని ఊరూ పేరూ తెలియని ఒక చిరునామాకు ఇచ్చే అనుమతి. తాళంచెవి ఇచ్చిన క్షణంలోనే ఇంట్లో సామాను పోదు కదా. అందుకని అదే నకలు మీద తర్వాతి అడుగు కూడా నడిపాను. ఆ చిరునామావాళ్లు అనుమతిని వాడుకుంటే ఏమవుతుందన్నది ఆ అడుగు. బాబాయి కాయిన్లకు బదులు సున్నా కనబడింది.

ఆయన గబుక్కున తన ఫోన్ వంక చూసుకున్నాడు.

"ఇది నిజంగా జరగలేదు బాబాయ్. ఈ నకలు మీదే జరిగింది. నీ కాయిన్లు నీ దగ్గరే ఉన్నాయి. నొక్కితే మాత్రం ఇలాగవుతుంది."

"ఇంకోపాలి నడుపు."

నడిపాను. మళ్లీ సున్నాయే.

"ఆవిడికి తెలీక సెప్పుంటది. ఆవిడ్నీ ఎవుడో మోసం సేత్తన్నాడేమో" అంటూ బాబాయి ఫోన్ తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ హిందీలో రాశాడు. ఈ బటన్ మంచిది కాదు, మా ఎదురింటి అమ్మాయి పరీక్ష చేసి చూసింది, నువ్వు కూడా జాగ్రత్త అని.

జవాబు వెంటనే వచ్చింది. టైం అయిపోతోంది, త్వరగా నొక్కండి. దాని వెనకే ఇంకొకటి. నా మీద నమ్మకం లేదా?

నమ్మకం ఉంది గానీ నొక్కను అని రాశాడు బాబాయి. కాసేపటికి ఫోన్ తెర మూలనున్న ఆమె ఫొటో మాయమైంది. ఆవిడ బ్లాక్ చేసేసినట్టుంది, తర్వాత ఆయన ఏం రాసినా అటు చేరలేదు.

"పోనీలే బాబాయ్, కష్టపడి దాచుకున్నది దక్కింది."

"దక్కింది" అన్నాడు. ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకోబోయి మళ్లీ చేతిలోకే తీసుకున్నాడు. "పొద్దున్నే లెగిసేసరికి మందులేసుకున్నావా అని అడిగీది. మా ఆడది పోయాక ఆ మాట అడిగినోళ్లు లేరు తల్లీ."

టీ పెడతానన్నాను. వద్దని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన గుమ్మంలోకి రాగానే, "మందులేసుకున్నావా బాబాయ్?" అని మా అరుగు మీంచి కేకేశాను. ఆయన ఉలిక్కిపడ్డట్టు చూశాడు. "ఆఁ, అయింది" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను జాలితో అడిగానని ఆయనకు తెలిసిపోయింది. తర్వాత మళ్లీ అడగలేకపోయాను. ఆయన గడ్డం మాసింది. నేను అరుగు మీద ఉన్నంతసేపూ బయటికి వచ్చేవాడు కాదు. ఎవరికీ చూపించని మాటలు నేను చదివేశానన్న సిగ్గు కావచ్చు.

వానలు వెనకబట్టాక గోవింద్‌పూర్‌లో ఉండే బాబాయి కొడుకు ఆయన్ని తన దగ్గరికి తీసుకెళ్లడానికి టెంపో తీసుకొచ్చాడు. సామానంతా ఎక్కించాక బాబాయి మా గుమ్మం దాకా వచ్చాడు.

"కాయిన్లు అమ్మీసి బ్యాంకులో ఏసీసాను."

"మంచిపని చేశావు."

ఇంకేదో చెబుతాడనుకున్నాను. ఆయన కూడా నేనేదో అంటానని చూసినట్టున్నాడు. టెంపోవాడు హారన్ కొట్టాడు.

"వత్తానమ్మా."

"మంచిది బాబాయ్."

ఆ ఇంట్లోకి ఛప్రా వైపునుంచి ఒక హిందీవాళ్ల కుటుంబం దిగింది. మంచివాళ్లే, నన్ను దీదీ అంటారు. నేనూ హిందీలోనే బదులిస్తాను. తెలుగులో నోరు విప్పాల్సిన అవసరం ఈ వీధిలో నాకు ఇంక రాలేదు.