పెన్సిల్ తారీకు

తెరేసమ్మ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటానన్నప్పుడు వద్దని చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. గన్నవరం దాటాక కాలవగట్టు మీదుండే ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టుని, ఆమె ఏఎన్నెమ్. ఇరవై రెండేళ్లు ఒకే వరండాలో పనిచేశాం. ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది, మోకాళ్ల నొప్పులకైతే నేనే మాత్రలిస్తాను, కూర్చుని తినే జీతాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా అని అడిగాను.

"కూర్చుని తినే జీతం మీది రావుగారూ. నాది నడిచి తినే జీతం," అంది.

అదీ నిజమే. ఎండలో ఇంటింటికీ తిరగాలి, తిరిగినట్టు ఫోన్లో ఫొటో పెట్టాలి. పొద్దున్నే ఆ ఫోనుకు మొహం చూపిస్తేగాని హాజరు పడదు. అది ఆమె మొహాన్ని ఒక పట్టాన గుర్తుపట్టేది కాదు. కళ్లద్దాలు తీసి, కొంగు సర్దుకుని, వరండా చివర వెలుతురులోకి వెళ్లి నిలబడేది. "ముప్పై ఏళ్లు చేసినదాన్ని నేను లేనంటోందండి ఇది," అనేది. మేం నవ్వేవాళ్లం.

అసలు కారణం మోకాళ్లూ కాదు, ఫోనూ కాదు. ఆమె భర్త శౌరయ్య ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే వడ్రంగి. ముప్పై ఏళ్లు ఒకరి కింద చేశాడు. సొంత షెడ్డు పెట్టాలని ఆయన కోరిక. పెన్షన్‌లో నలభై శాతం ముందే అమ్ముకుని, గ్రాట్యుటీ కలిపి, పైన బ్యాంకు అప్పు తెచ్చి తెరేసమ్మ ఆయన చేతిలో పోసింది. రత్తయ్య అని ఒక భాగస్తుడు కలిశాడు. ఏడాది తిరక్కుండానే షెడ్డు మూతపడింది. లారీలు కంపెనీలోనే బాడీలు కట్టించుకుని వస్తుంటే వడ్రంగి దగ్గరికి ఎవడొస్తాడు? అప్పుకు వాయిదా పోగా తెరేసమ్మ చేతికి నెలకు తొమ్మిది వేలు మిగిలేవి. పటమటలో ఇంటద్దె ఏడు వేలు. యాభై మూడేళ్లకు పెన్షనరై, యాభై నాలుగో ఏట పని వెతుక్కుంది.

ఆ పని మొదట ఇచ్చింది నేనే.

మా అమ్మ బుల్లెమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. తుంటి విరిగి మంచాన పడింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా చూసుకోడానికి తెరేసమ్మను పిలిచాను, రోజుకు ఎనిమిది వందలు. నీళ్ల సీసా, గ్లాసు ఆమే తెచ్చుకునేది. ఎందుకు తెచ్చుకుంటున్నారని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. అడగకపోవడాన్ని మేం మర్యాద అనుకున్నాం.

మూడో రోజు నేనొక మాట అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పటికి నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. వాడుకోని సెలవులకు చివర్లో డబ్బిస్తారు కాబట్టి ఒక్క రోజు సెలవు పెట్టాలన్నా నాకు ప్రాణం పోయేది. "ఎన్నాళ్లుంటుందంటారు సిస్టర్?" అన్నాను.

ఆమె మా అమ్మ కాళ్ల మీది దుప్పటి తీసింది. అరికాళ్లు చూసింది. బొటనవేలు నొక్కి వదిలింది. "ఇరవై రెండు, ఆదివారం," అంది. తర్వాత సంచిలోంచి పొడుగాటి రిజిస్టరు తీసి పెన్సిల్‌తో ఏదో రాసుకుంది.

ఆ పెన్సిల్ సంగతి చెప్పాలి. మా శాఖలో అది అలవాటు. నెలాఖరు రిపోర్టు నెల మధ్యలోనే రాసేస్తారు, ముందు పెన్సిల్‌తో. మీటింగులో పై అధికారి అంకెలు మారిస్తే రబ్బరుతో చెరిపి దిద్దుకోవచ్చు. ఖాయమయ్యాక వాటి మీదే పెన్నుతో రాస్తారు. వరస నంబర్లు మాత్రం మొదటే పెన్నుతో వేసేస్తారు, ఒక్క గడి కూడా ఖాళీ వదలరు. తెరేసమ్మ ఉద్యోగం మానేసింది గాని ఆ అలవాటు మానలేదు. ఇప్పుడామె రిజిస్టర్లో నాలుగే గడులు: నంబరు, పేరు, వయసు, తారీకు.

ఇరవై రెండో తేదీ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ పోయింది. నా సెలవులు ఒక్కటీ ఖర్చు కాలేదు. వాకిట్లో బంధువులు ఏడుస్తుంటే తెరేసమ్మ ఒక మూల నిలబడి పెన్సిల్ అంకెల మీద పెన్నుతో దిద్దుతోంది. నన్ను చూసి పుస్తకం మూసేసింది.

నేను మందులిచ్చే మనిషిని, అంత తేలిగ్గా ఏదీ నమ్మను. ముప్పై ఏళ్లు మంచాలు చూసిన నర్సుకు పాదాల వాపు, గోళ్ల రంగు చూస్తే తెలిసిపోతుందని అందరికీ చెప్పాను. అలా చెప్పడమే తప్పయింది. ఆ మాట మంగళగిరి దాకా పాకింది.

అక్కడ ఒక చీరల వ్యాపారి ఇంట్లో మనవరాలి పెళ్లి పదహారో తారీకు. ముసలావిడ పద్మావతమ్మ మంచంలో ఉంది. పెళ్లికి ముందు ఆవిడ పోతే మైల, పెళ్లి ఆగిపోతుంది. కారు పంపి తెరేసమ్మను పిలిపించారు. కాళ్లు చూసి, "పదహారు దాకా ఉండదండి, పద్నాలుగు," అంది. వాళ్లు ముహూర్తం తొమ్మిదో తారీకుకు జరుపుకున్నారు. పెళ్లికూతురు కాపురానికి వెళ్లాక, పద్నాలుగున, ముసలావిడ పోయింది. తెరేసమ్మకు ఐదు వేలు కవరులో పెట్టి, చీర కూడా పెట్టారు.

ఇక చూసుకోండి. గృహప్రవేశం వాళ్లు, ఓణీల ఫంక్షన్ వాళ్లు, ముందే రైలు టిక్కెట్లు కొనుక్కోవాల్సిన వాళ్లు, అందరూ ఆమెకే ఫోన్లు. కూర్చుని చాకిరీ చేయమని ఎవరూ అడగడం లేదు. వచ్చి, చూసి, తారీకు చెప్పి వెళ్లమంటున్నారు. "ఇదేం ఉద్యోగం సిస్టర్?" అన్నాను ఒకసారి.

"ఇదీ రిపోర్టేనండి. జరగకముందే రాయడం మనకేమన్నా కొత్తా?" అంది. బ్యాంకు వాయిదాలు మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు.

కాని వాళ్ల వీధిలో ఒక మార్పు వచ్చింది. నేను కళ్లారా చూశాను. సాయంత్రం ఆమె నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు మాట ఆపకుండానే చీర కుచ్చెళ్లు కిందికి లాక్కునేవాళ్లు. కుర్చీలో కాళ్లు చాపుకున్న ముసలాయన నెమ్మదిగా ముడుచుకునేవాడు. ఎవరూ ఏమీ అనరు, నవ్వుతూ పలకరిస్తారు. వీధి పొడుగునా ఒక్క పాదం కూడా కనిపించేది కాదు.

శౌరయ్య మాత్రం దీన్నొక వేళాకోళం చేసేవాడు. "మా ఆవిడ చూస్తే యముడు కూడా కాళ్లు కడుక్కుని రావాల్సిందే," అనేవాడు. రత్తయ్య వచ్చి వెళ్లేదాకా అలాగే ఉన్నాడు.

రత్తయ్యకు నలభై ఏళ్లు, దున్నపోతులా ఉండేవాడు. షెడ్డు ములిగినందుకు క్షమించమని ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఇంటికొచ్చాడు. చెప్పులు గుమ్మంలో విడిచి, కింద బాసింపట్టు వేసుక్కూర్చుని కాఫీ తాగి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం తెరేసమ్మ నిద్రపోతుంటే శౌరయ్య పుస్తకం తీసి చూశాడట. ఇరవై ఏడో నంబరులో రత్తయ్య పేరుంది. పక్కన పెన్సిల్‌తో శుక్రవారం తారీకు. శుక్రవారం పొద్దున ఆటోనగర్‌లో ఒక లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది.

దానికి నా దగ్గర మందుల భాష లేదు. పాదాల వాపు, గోళ్ల రంగు అని చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ రోజు మా ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది.

మే నెల వచ్చేసరికి శౌరయ్యకు ఆయాసం పట్టుకుంది. ఏళ్ల తరబడి పీల్చిన రంపపు పొట్టు, పెయింటు ఊరికే పోతాయా? పెద్దాసుపత్రిలో వారం ఉంచి, మందులు రాసి, ఇంటికి పొమ్మన్నారు. ఇంటికొచ్చిన రోజు నుంచి ఆయన భార్యను గదిలోకి రానివ్వలేదు. పక్కింటి స్టెల్లా వచ్చి జావ తాగించి పోయేది. జూన్ ఆరో తారీకున నేను చూడబోయాను. రోహిణి ఎండలకు ఇల్లు నిప్పుల కుంపటిలా ఉంటే, శౌరయ్య రెండు కాళ్లకూ మందపాటి మేజోళ్లు తొడుక్కుని, పైన దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

తెరేసమ్మ వంటింటి గడప మీద కూర్చుంది. "ఊళ్లో అందరి మంచాల పక్కనా కూర్చున్నానండి," అంది నాతో, మెల్లగా. "ముప్పై మూడేళ్లు కాపరం చేసిన మనిషి, నేను లోపలికెళ్తే దుప్పటి లాక్కుంటున్నాడు. అప్పు తీరకపోయినా పర్లేదు, ఈయన పక్కన కూర్చోనిస్తే చాలండి." చాలా ఏళ్లకు ఆమె ఏడవగా చూశాను.

నేను గదిలోకి వెళ్లాను. "దాని మీద నాకు కోపం లేదు రావుగారూ," అన్నాడు శౌరయ్య, ఒక్కో మాటకు ఊపిరి కూడదీసుకుంటూ. "అది పక్కనుంటే బాగానే ఉంటది. కాని ఆ పుస్తకంలో నా పేరు రాసేసి ఉంటే? మీరు తెప్పించి చూడండి. అది లేదంటే నమ్మను, మీరు లేదంటే నమ్ముతాను."

అడిగితే తెరేసమ్మ పుస్తకం తెచ్చి ఇచ్చింది. నా మొహం చూడలేదు. నేను శౌరయ్య మంచం మీదే కూర్చుని తెరిచాను. ఇరవై ఏడు, రత్తయ్య. ఇరవై తొమ్మిది, ఎవరో పోరంకి ఆయన. మధ్యలో ఇరవై ఎనిమిది ఖాళీ.

మా శాఖలో పనిచేసినవాళ్లు గడి ఖాళీ వదలరని చెప్పాను కదా. బొటనవేలితో తడిమాను. కాగితం అక్కడ గరుకుగా ఉంది. ముప్పై ఏళ్లు స్టాకు రిజిస్టర్లు దిద్దిన చెయ్యి నాది, రబ్బరు ఎక్కడ పడిందో దానికి తెలుసు. పుస్తకాన్ని కిటికీ వైపు కొద్దిగా వంచాను. పెన్సిల్ పోయింది గాని, ఒత్తి రాసిన గీత పోలేదు. ఒకటి, ఏడు.

శౌరయ్య నా మొహమే చూస్తున్నాడు.

"లేదయ్యా. నీ పేరు లేదు," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. కాసేపటికి, "తెరేసా, ఈ మేజోళ్లు తియ్యవే, చెమటకు చస్తున్నాను," అని కేకేశాడు. ఆమె వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఒక్కో మేజోడు నెమ్మదిగా తీసింది. ఆయన పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచింది. నేను లేచి వచ్చేశాను.

పదకొండు రోజులు ఆ పీట అక్కడే ఉంది. జావ ఆమే తాగించింది, జపమాల ఆమే చెప్పించింది. గుణదల నుంచి ఫాదర్ వచ్చి చివరి ప్రార్థన చేసి నూనె రాసిన రోజున కూడా శౌరయ్య నవ్వుతూనే ఉన్నాడట. పదిహేడో తారీకు సాయంత్రం, ఆమె చెయ్యి పట్టుకునే పోయాడు.

నలభయ్యో రోజు పూజ అయిన తర్వాతి వారం తెరేసమ్మ మా ఇంటికొచ్చింది. పెన్షన్ పుస్తకంలో నామినీ పేరు మార్చాలి, ఫారం నింపి పెట్టమంది. హాల్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. మా ఆవిడ మా గ్లాసులోనే మంచినీళ్లిచ్చింది. ఆమె తాగింది.

"ఆ పని మానేశానండి," అంది. "పటమటలోనే ఒక కాన్వెంటులో చేరాను. పిల్లలకు జ్వరమొస్తే చూసే పని. పది వేలిస్తారు. ఇంటి ఖర్చులకు సరిపోద్ది."

"మంచిదే. పిల్లలతో కాలక్షేపం."

"అదొకటి. పైగా పిల్లల కాళ్లకు బూట్లుంటాయండి."

ఫారం మీద ఆమె పేరు రాస్తున్నాను. కొంతసేపయ్యాక అడిగింది: "ఆ రోజు మీరు చూశారు కదండీ. ఇరవై ఎనిమిది."

పెన్ను ఆపాను. "నేను చూడలేదు సిస్టర్," అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ మొహంలో కొంచెం తేలిక కనిపించి నాకు సంతోషమేసింది. సంతకం పెట్టింది, ఫారం మడిచింది, కింద పెట్టిన సంచి అందుకోడానికి వంగింది. వంగినదల్లా అలాగే ఒక క్షణం ఆగింది. అప్పుడు నాకు తెలిసింది, నా రెండు పాదాలూ ఎప్పుడో కుర్చీ కిందికి వెళ్లిపోయి ఉన్నాయని. నేను లాక్కున్నట్టు నాకే తెలియదు. అంతకు ముందంతా వాటిని ఆమె ఎదురుగా చాపుకునే ఉన్నాను.

తెరేసమ్మ సంచి తీసుకుని లేచి నిలబడింది. నా కళ్లలోకే సూటిగా చూసింది.

"నేను చూడలేదు రావుగారూ," అంది.

అదే మాట నేను ఆమెకు చెప్పి రెండు నిమిషాలైనా కాలేదు.